అరగని సోమవారం

ఆదిబాబు చెయ్యి గరిటె తిప్పినంతసేపూ నోరు మాటలు తిప్పుతూనే ఉంటుంది. టాటానగర్ కార్ఖానా లోపల ఠేకేదారు నడిపే కూలీల క్యాంటీన్‌లో అతను వండేవాడు, వడ్డించేవాడు, నవ్వించేవాడు. జీతం మొదటి రెండు పనులకే. మూడోది సొంత ఖర్చు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఆ ఏడు దేశమంతా కొత్తగా నోరు విప్పిందిగాని, ఆదిబాబు నోటికి మూత ఎన్నడూ లేదు.

"పప్పు పలచనంటావేటిరా? అది పప్పు కాదు, పప్పు నీడ. బట్టీ కాడ మాడినోడికి నీడ కావాలా, వద్దా?"

వరస నవ్వేది. "మన ఠేకేదారు కాంట్రాక్టరు కాదర్రా, కంత్రీక్టరు" అని గొంతు తగ్గించి అంటే, గొంతు తగ్గించకుండా నవ్వేది.

ఈ సోమవారం వరస నవ్వలేదు. మధ్యాహ్నం కూత కూసింది. కంచాలు వచ్చాయి, నిండాయి, వెళ్ళాయి. ఆదిబాబు చెయ్యి మాత్రం మధ్యలో ఒక అల్యూమినియం కంచం విడిగా తీసింది. అన్నం గుట్టగా పోసింది. గరిటె వీపుతో గుట్ట నడుమ గుంట చేసి, పప్పు అడుగంటా తిప్పి చిక్కటిది అందులో వంపింది. మీద ఇంకో కంచం బోర్లించి, పెద్ద డేగిసా వెనక, గోడవారన ఉన్న చెక్కపెట్టె మీద పెట్టింది. అంతా చేశాక గాని ఏం చేసిందో చెయ్యి ఆదిబాబుకి చెప్పలేదు.

ఆ పెట్టె మీద కూచుని తినే పోలరాజు చచ్చిపోయి రెండు వారాలైంది.

పోయిన సోమవారమూ ఇంతే. ఆ కంచం తీసుకెళ్ళి షెడ్డు వెనక కుక్కకి పెట్టాడు. కుక్క తింది, తోకాడించింది, అరిగించుకుంది. ఆదిబాబుకే ఏదీ అరగడంలేదు. పొద్దున తిన్నది పొద్దుపోయేదాకా గొంతులోనే కూచుంటోంది. ఏం తిన్నా తేనుపులో ఉల్లిపాయ పప్పు వాసనే వస్తోంది, ఆ రోజు వండిన పప్పు.

"ఎవరికది?"

మున్షీ బలరామ్. ఠేకేదారుకి కుడి చెయ్యి, కూలీలకి ఎడం చెయ్యి. బరంపురం వైపు తెలుగువాడే. చేతిలో హాజరీ రూళ్ళకర్ర ఉంది, కళ్ళు బోర్లించిన కంచం మీద ఉన్నాయి.

"పిల్లికి, మున్షీజీ. పిల్లి కళ్ళు మూసుకుని తాగుద్దంటారు గదా, అందుకే మూత ఎట్టినాను."

బలరామ్ నవ్వలేదు. దగ్గరికి వచ్చాడు. "బేస్తవారం లేబరాఫీసులో పేషీ. నువ్వు గవాహీ ఇయ్యాలి, సాచ్చికం."

"పేషీయా, పేచీయా?"

"మజాక్ వద్దు, ఆదిబాబూ. నువ్వు సెప్పాల్సింది ఒకటే ముక్క. ఆ సోమవారం పోలరాజు క్యాంటీన్‌కి రాలేదు. ఆడి పెళ్ళామే పోలీసులకి రాయించింది, ఉపాసం, చుక్క పొడిసేదాకా కంచం ముట్టడు అని. నువ్వు దాని మాటే సెప్తావు. అబద్ధం కూడా కాదు. రెండింటికి పాలీ, అదే డ్యూటీ, దిగి ఎళిపోయాడు, సీకటి పడ్డాక ఎక్కడో తిన్నాడు, తాగాడు, జుగ్సలాయి రోడ్డు పక్క పడ్డాడు. బస్, ఖతం."

"ఆడు తాగడు గదా."

"తాగనోడు నీకు తెలుసు. నీ ఉద్యోగం నాకు తెలుసు." బలరామ్ రూళ్ళకర్రతో మూత కంచాన్ని టంగుమని కొట్టాడు. "పిల్లికి పెట్టుకో."

అతను వెళ్ళాక ఆదిబాబు డేగిసా తోమడానికి కూచున్నాడు. బూడిద, కొబ్బరిపీచు. పీచు అంచు చుట్టూ తిరుగుతుంటే, రెండు వారాల కిందటి మధ్యాహ్నం దానితో పాటు తిరిగింది. బట్టీ అడుగున పొగదారిలో బూడిద లాగే పని పోలరాజుది. ఒళ్ళంతా బూడిదతో, కళ్ళు మాత్రం ఎర్రగా, ఆ పెట్టె మీద కూచుని తిన్నాడు. "ఉపవాసం ఎలగుంది బావా?" అంటే, "ఉపవాసం నాది, పప్పువాసం నీది" అన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ పొగదారిలోకి దిగాడు. డేగిసా సగం తోమేసరికి బలరామ్ పరిగెత్తుకుంటూ వచ్చి బియ్యం బస్తాల మీది టార్పాలిన్ లాక్కుపోయాడు. "ఏటయింది?" అంటే "ఇనప చెత్త కప్పాలి" అన్నాడు. కాసేపటికి టిప్పరు గేటు వైపు వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఆదిబాబు తలెత్తి చూసి, మళ్ళీ డేగిసాలోకి తల దించాడు.

టార్పాలిన్ ఇప్పటికీ తిరిగి రాలేదు. బస్తాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

మర్నాటి సాయంత్రం సైకిలు మీద సిద్ధగోరా బస్తీకి వెళ్ళాడు. అక్కడ ఒక డాక్టరు గారి క్లినిక్కులో కాంపౌండరు సీతారామరావు. మందులు కలిపేది డాక్టరు కోసం, అర్జీలు కలిపేది తెలుగువాళ్ళ కోసం. పోలరాజు పెళ్ళాం రత్నం పెట్టుకున్న పరిహారం అర్జీ రాసింది ఆయనే.

"గుండెల్లో మంటండి, కాంపౌండరు గారూ. తిన్నది అరగట్లేదు."

"నీ జోకులు జనం ఎలా అరిగించుకుంటున్నారో అలా అరిగించుకో," అంటూ ఆయన గులాబీరంగు మిక్చరు సీసాకి మెట్లు కత్తిరించిన కాగితం అంటించాడు. "భోజనం అయ్యాక ఒక్కో మెట్టు."

ఆదిబాబు వెళ్ళలేదు. బల్ల అంచు గీరుతూ నిలబడ్డాడు. "ఓ మాట. పోలరాజు కడుపు కోసి సూసినారంట గదా. పోస్టుమార్టం."

"చూశారు. నకలు నా దగ్గరుంది."

"మార్టం ఆడిది. పోస్టు ఊడేది నాది," అన్నాడు ఆదిబాబు. తన మాటకి తనే ఉలిక్కిపడ్డాడు. "కడుపులో ఏటుందో సూత్తే ఏటి తెలుస్తాదండి?"

సీతారామరావు కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "నీకు తెలిసిన భాషలో చెప్తా విను. వంట నువ్వు చేసింది సగమే. మిగతా సగం లోపల. నోట్లో నమిలేటప్పుడే ఎంగిలిలో ఉండే ఎంజైము అన్నాన్ని తీపి చెయ్యడం మొదలుపెడుతుంది. అన్నం ఎక్కువసేపు నమిలితే తియ్యగా అవదూ? అదే. ముద్ద కడుపులోకి దిగాక అక్కడ యాసిడ్డు. మీ కార్ఖానాలో ఇనుముకి తుప్పు తీసేది, దానికి చెల్లెలు. దాని పక్కన పెప్సిన్ అని ఇంకో ఎంజైము, పప్పులో బలాన్ని ముక్కలు చేసేది."

"ఎంజైమంటే?"

"కత్తి అనుకో. కోస్తుంది, తాను అరగదు. ఒక్కో పనికి ఒక్కో కత్తి. అన్నం కోసేది పప్పు జోలికి పోదు."

"మా క్యాంటీన్‌లో అన్నిటికీ ఒకటే కత్తండి. మున్షీ."

"కడుపు దాన్నంతా పిసికి పిసికి జావ చేసి, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదుల్తుంది. అక్కడికి క్లోమం నుంచి రసం, కాలేయం నుంచి పైత్యం వచ్చి కలుస్తాయి. అసలు అరుగుదల అక్కడ. మనిషి పోయాడనుకో, పొయ్యి ఆరిపోయినట్టే. కొత్త రసం ఊరదు, కడుపు కదలదు. మెతుకు ఏ స్థితిలో ఉంటే దాదాపు ఆ స్థితిలోనే ఆగిపోతుంది."

ఆయన సొరుగులోంచి కాగితం తీశాడు. "పోలరాజు కడుపు నిండా అన్నం. మెతుకు మెతుకుగా గుర్తుపట్టేలా ఉంది. పప్పు. ఉల్లిపాయ ముక్కలు, పెద్దవి. కొంచెమే జావై పేగులోకి దిగింది. తిన్న గంటకో గంటన్నరకో ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. కాని శవం రాత్రంతా చలిలో పడుంది. అందుకని గడియారం టైము చెప్పలేనన్నాడు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎప్పుడైనా కావచ్చట. తిన్నదెప్పుడో తేలితే చచ్చిందెప్పుడో తేలుతుంది. తలకి ఆ దెబ్బ పని మీద తగిలిందా, రోడ్డు మీద పడి తగిలిందా అన్నదీ తేలుతుంది. ఆ పిచ్చిది చుక్క చూసేదాకా తినడని రాయించేసింది. చుక్క పొడిచేసరికి పాలీ దిగిపోయి ఎంతసేపో అయిపోతుంది కదా. దాని భక్తే దాని నెత్తి మీద పడింది."

"పెద్ద ముక్కలే," అన్నాడు ఆదిబాబు.

"ఏమిటి?"

"ఆయాల తొందరండి. ఉల్లిపాయలు సన్నంగా కొయ్యలేదు."

క్లినిక్కులో ఒక పిల్లాడు ఎక్కడో ఏడుస్తున్నాడు. సీతారామరావు కాగితం మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"ముందు రత్నానికి చెప్పు," అన్నాడు చివరికి. "ఆఫీసులో దాని నెత్తి మీద పడెయ్యకు. మొగుడు ఉపవాసం మీద, మొక్కు మీద పోయాడని అనుకుంటోంది. ఆ అమ్మాయికి మిగిలింది ఆ ఒక్కటే."

"ఆ ఒక్కటీ నేను లాక్కోవాలా?"

"అది ఉంచితే మిగతాదంతా పోతుంది. తాగి పడి చచ్చినవాడి పెళ్ళాం అన్న పేరు ఒక్కటే మిగులుతుంది."

ఆదిబాబు మిక్చరు సీసా జేబులో పెట్టుకున్నాడు. దారంతా అది తొడకి కొట్టుకుంటూనే ఉంది.

జుగ్సలాయి గోదాముల వెనక వరసగా పెంకుటిళ్ళు. బుధవారం పొద్దు వాలేవేళ ఆదిబాబు వెళ్ళేసరికి రత్నం గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూస్తోంది. గోదాముల పైన పొగ, పొగలో కార్ఖానా ఎరుపు. చుక్క కనిపించాలంటే మెడ బాగా వెనక్కి వంచాలి. వంచింది. గొంతు దగ్గర ఎముకలు లేచాయి.

"రా అన్నా. కూకో."

పోలరాజుని ఆదిబాబు బావా అంటాడు కాబట్టి రత్నం చెల్లెలు. చుట్టరికం ఊళ్ళో లేదు, టాటానగర్ స్టేషన్లో దిగాక కలిసింది.

"తిన్నావా సెల్లీ?"

"తింటే దిగదు." ఆమె గడప మీద కూచుంది. "పదో దినం కాకి ముద్ద ముట్టలేదన్నా. నీకు తెలుసు గదా. సీకటి పడేదాకా ఏటొడ్డున కూకున్నాం. కాకులు సెట్టు మీద ఉన్నాయి, దిగలేదు. ఆకలితో పోయినోడు ఎలగ దిగుతాడు? ఆ ఆకలి ఎట్టింది ఎవరు? నేను. కామెర్ల నుంచి లేసినాడని ఏడాది సోమారాలు మొక్కినాను. నా నోటితో నేను మొక్కి, ఆడి నోటికి తాళం ఏసినాను."

ఆదిబాబు నోరు తెరిచాడు. జోకు ఏదీ రాలేదు.

"రోజూ చుక్క పొడిసే యేళకి కంచం సప్పుడు వినిపిత్తది. ఆ మూల. ఆడు కంచం నేల మీద ఎట్టి గిర్రున తిప్పీవోడు, ఏగిరం ఎట్టమని. లేసి సూత్తే ఏటీ ఉండదు. అన్నం వండి అక్కడ ఎడతన్నాను. తెల్లారేదాకా అలగే ఉంటాది. ఒక్క మెతుకు కదలదు."

మూలన కంచం ఉంది. నిన్నటి అన్నం గడ్డకట్టి, పైన పొర కట్టింది. ఆదిబాబు దాన్ని చూశాడు, చూపు తిప్పుకున్నాడు. ఇద్దరూ ఒకే మనిషికి అన్నం పెడుతున్నారు, ఇక్కడ ఈమె, అక్కడ తను.

"సెల్లీ, ఆడు ఆకలితో పోలేదు."

రత్నం అతని వైపు తిరిగింది.

"ఆ సోమారం నా కాడ తిన్నాడు. డేగిసా ఎనకాల. నేనే ఎట్టినాను."

గోదాము దగ్గర లారీ వెనక్కి తిరుగుతున్న కేకలు వినిపించాయి.

"ఆ ఒక్క సోమారమా?"

"మొదటి వారం కళ్ళు తిరిగి పడబోయినాడు. అది మొదలు అన్ని సోమారాలూ. ఆ పొగదారిలో ఖాళీ కడుపుతో ఎవుడూ నిలబడలేడే. నీకు సెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నాడు."

"పప్పులో ఉల్లిపాయ ఏసినావా?"

"ఏటి?"

"కార్తీకం. ఇంట్లో ఉల్లిపాయ అన్న మాట కూడా అననియ్యను నేను. ఏసినావా?"

"ఏసినాను."

ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరాయి. ఏడుస్తోందనుకుని ఆదిబాబు లేవబోయాడు. ఏడుపు కాదు. వేళ్ళ సందుల్లోంచి వస్తున్నది నవ్వు.

"దొంగ సచ్చినోడు! సీకటి పడగానే వచ్చి, 'చుక్క పొడిసిందా రత్తా, పేగులు అరుత్తన్నాయి' అనీవోడు. నాకంటే ముందు ముద్ద నోట్లో ఎట్టుకునీవోడు. నేనేమో పాపం రోజల్లా ఉపాసమని నా పాలు కూడా ఆడికే ఏసీదాన్ని! రెండుపూట్లా మెక్కినాడా ఎదవ!" నవ్వు ఎక్కడ ఏడుపైందో ఆమెకీ తెలియలేదు, అతనికీ తెలియలేదు. పైటకొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది: "మారు అడిగినాడా?"

"అడిగినాడు. ఏసినాను. గరిటె నిండా."

"కడుపు నిండింది."

"నిండింది. పోస్టుమార్టంలో రాసినారు."

రత్నం లేచి, మూలనున్న కంచం తీసుకెళ్ళి బయట ఆవుకి వేసి, కడిగి తెచ్చింది. తిరిగి వచ్చాక గొంతు మారింది. "రేపు ఆఫీసులో నేనే సెప్తాను, నా మాట తప్పని. మొక్కు పోతే పోనీ. శివుడికి నేను సెప్పుకుంటాను. నువ్వొత్తావా? నీ పని పోద్ది."

"గరిటె తిప్పేవోడికి పనికి కొదవేటే? మూతి తిప్పేవోళ్ళు ఉన్నంతకాలం ఉంటాది."

ఆమె అప్పుడు మామూలుగా నవ్వింది. పొయ్యి రాజేసి, బియ్యం కడుగుతూ, పోలరాజు ఎలా తిన్నాడో మళ్ళీ చెప్పమంది. ఆదిబాబు చెప్పాడు. టార్పాలిన్ సంగతి కూడా చెప్పాడు. దానికి ఆమె తల ఊపింది. అప్పటికే పోయి ఉంటాడులే, అంది.

లేబరాఫీసు గదిలో ఫ్యాను తిరిగినదానికంటే ఎక్కువ మూలిగింది. బల్ల వెనక ఆఫీసరు, పక్కన గుమాస్తా, ఎదురుగా ఠేకేదారు వకీలు, వకీలు వెనక బలరామ్. మాటలన్నీ హిందీలో. రత్నం తల మీద కొంగు సర్దుకుని, వచ్చీరాని హిందీలో తన పాత మాట వెనక్కి తీసుకుంది. ఉపవాసం ఉన్నాడనుకున్నాను, లేడు, అంది. ఆదిబాబు ముందుకొచ్చి మిగతాది చెప్పాడు. పప్పు, పెట్టె, పొగదారి, టార్పాలిన్, టిప్పరు. వెనకనుంచి బలరామ్ చూపు వీపుకి తగులుతూనే ఉంది.

వకీలు లేచాడు. నున్నగా దువ్విన తల, నున్నటి గొంతు. "వంటవాడా, నీ మాటే నిజమనుకుందాం. అతను మధ్యాహ్నం తిన్నాడు. టిప్పరు ఎప్పుడు వెళ్ళింది?"

"గిన్నెలు తోమడం పూర్తవకముందే, సాబ్."

"అంటే తిన్న ఎంతసేపటికి?"

"అరగంట ఉంటుంది."

"అరగంట." వకీలు ఆ మాటని చేతిలో పట్టుకున్నట్టు ఆఫీసరు వైపు తిరిగాడు. "హుజూర్, డాక్టరు ఏం రాశాడు? తిన్న గంట, గంటన్నరకి ప్రాణం పోయింది. అన్నం జావ కావడానికి, పేగులోకి దిగడానికి అంతసేపు పడుతుంది. శాస్త్రం అబద్ధం చెప్పదు. అంటే టిప్పరు గేటు దాటేటప్పటికి ఈ మనిషి బతికే ఉన్నాడు! చావు కార్ఖానా లోపల జరగనే లేదు. వీళ్ళ సాక్షే మా కేసు గెలిపించాడు!"

ఫైలు బల్ల మీద కొట్టి కూచున్నాడు.

ఆఫీసరు కళ్ళజోడు తీసి, రుమాలుతో చాలాసేపు తుడిచాడు.

"వకీలు సాబ్," అన్నాడు. "మీ మున్షీ ఆ టిప్పరులో ఇనప చెత్త ఉందన్నాడు. ఇప్పుడు మీరే మనిషి ఉన్నాడంటున్నారు. బతికున్న మనిషి. ఆస్పత్రికి కాక, టార్పాలిన్ కప్పి ఎక్కడికి తీసుకెళ్ళారు?"

వకీలు లేవబోయాడు, కూచున్నాడు. వెనక్కి తిరిగి బలరామ్‌ని చూశాడు. బలరామ్ తన చెప్పులు చూసుకుంటున్నాడు.

ఆదిబాబు బల్ల అంచు పట్టుకున్నాడు. లెక్క అతనికి ఇప్పుడే అందింది. కాంపౌండరు చెప్పిన ప్రతి రసం, ప్రతి కత్తి వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. తను డేగిసా అంచు బూడిదతో రుద్దుతున్నంతసేపూ, కడిగి బోర్లించినంతసేపూ, సైకిలు తాళం తీసి ఇంటిముఖం పట్టినప్పటికి కూడా, జుగ్సలాయి రోడ్డు పక్క ఆ టార్పాలిన్ కింద తను పెట్టిన పప్పు ఇంకా అరుగుతూనే ఉంది. ఆ చప్పుడుకి తలెత్తిన తను అలాగే లేచి, పరిగెత్తి, ఆ టిప్పరు ముందు నిలబడి ఉంటే.

రత్నం లేచింది. హిందీ ఆమెకి అర్థమైంది. బల్ల దాటి, వకీలుని దాటి, బలరామ్ ముందుకెళ్ళి నిలబడింది. గుమాస్తా ఆపబోతే ఆఫీసరు చెయ్యెత్తి వద్దన్నాడు.

"బలరామన్నా," అంది తెలుగులో, మెల్లిగా, పక్కింటివాణ్ణి అడిగినట్టు. "మీరు దించేటప్పుడు ఆడేటైనా అడిగినాడా?"

బలరామ్ రూళ్ళకర్ర ఇవాళ లేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పెదాలు కదిలాయి. మాట ఆమెకి, ఆదిబాబుకి మాత్రమే వినిపించింది.

"క్యా కహా?" అన్నాడు ఆఫీసరు. గుమాస్తాకి తెలుగు రాదు. వకీలుకి రాదు. ఆఫీసరు చూపు ఆదిబాబు మీద ఆగింది. "తుమ్ బోలో. ఏమన్నాడతను?"

రత్నం కూడా అతని వైపే తిరిగింది. అందరూ తన నోటి కోసం ఎదురుచూడటం ఆదిబాబుకి కొత్త కాదు. ఈ మాట మింగేద్దామనుకున్నాడు. దిగలేదు.

"పానీ మాంగా థా, హుజూర్," అన్నాడు.

గుమాస్తా రాసుకున్నాడు, నీళ్ళడిగాడని.